గాజుతొట్టిలో పగడపు తోట

నవరత్నములలో పగడము ఒకటి. ముత్యములతో కలిపి పగడములను దండగా గ్రుచ్చి ధరించుట తెలుగువారి ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న అలవాటు. రత్నముల లెక్కలో చేరినది కాబట్టి వజ్రము, కెంపువలె పగడము కూడ గనిలో దొరకు రాయియే అని అనేకులు తలంతురు. అది సముద్రములో దొరకునని తెలిసినవారు నీటిలో మొలచిన చెట్టుకొమ్మ కాబోలునని అనుకొందురు. నిజమునకు పగడము రాయియు కాదు, చెట్టును కాదు. అది ఒక జంతువు కట్టుకొన్న గూడు.

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ ఆంద్రె పెయిసొనెల్. 1720 తరువాతి సంవత్సరములలో అతడు మధ్యధరా సముద్రమునుండి తీసిన పగడపు కొమ్మలను సముద్రపు నీటిలోనే ఉంచి శ్రద్ధగా పరిశీలించెను. అంతకుముందు పండితులు "పూవులు" అని వర్ణించినవి చిన్న చిన్న జంతువులని గ్రహించెను. కాని ఆనాటి విద్వాంసులు అతని మాటను నమ్మలేదు. పారిస్ విజ్ఞాన పరిషత్తులో ఈ విషయమును నివేదించిన రియోమ్యూర్ అతని పేరు చెప్పుటకే వెనుదీసెను. 1740 తరువాత అబ్రహాం ట్రెంబ్లే మంచినీటి హైడ్రాపై చేసిన పరిశోధనలు వెలువడిన పిదప గాని పెయిసొనెల్ మాటకు విలువ రాలేదు.

ఈనాడు పెక్కు దేశములలో ఔత్సాహికులు ఉప్పునీటి గాజుతొట్లను ఏర్పరచి, వానిలో సజీవమైన పగడములను పెంచుచున్నారు. రంగుచేపలను పెంచుటకంటె ఇది కష్టమైన విద్య. తొలి ఎంపికలో పొరపాటు జరిగినచో, సముద్రములో ఎన్నో ఏండ్లు బ్రతుకవలసిన ప్రాణి తొట్టిలో కొన్ని వారములకే నశించును. కాబట్టి ఏ పగడము సులభమైనది, ఏది కష్టమైనది, ఎందుచేత అను ప్రశ్న వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ ప్రశ్నకు సమాధానము పగడపు జీవి శరీర నిర్మాణములోనే ఉన్నది.

జంతువులో దాగిన తోట

పగడపు జీవిని పాలిప్ అందురు. దాని శరీరము చిన్న గొట్టమువలె ఉండును. ఒక చివర రాతికి అంటుకొని యుండును. రెండవ చివర నోరు, నోటిచుట్టు స్పర్శకములు ఉండును. స్పర్శకములపై దంశకణములు కలవు. సూక్ష్మమైన ప్రాణి తగిలినపుడు ఈ కణములనుండి విషపుసూదులు వెలువడి దానిని స్తంభింపజేయును. హైడ్రా, జెల్లీచేప, సముద్రపుష్పము మొదలగునవి కూడ ఈ నిడేరియా వర్గమునకు చెందినవే.

పగడములను పెంచువారు వానిని రెండు తెగలుగా చూతురు. రాతి పగడములు తమ అడుగుభాగమున కాల్షియము కార్బొనేటును స్రవించి, గట్టి గిన్నెవంటి గూడు కట్టుకొనును. ఒక పాలిప్ చీలి రెండై, రెండు నాలుగై, వేలకొలది పాలిప్‌లు ఒక సంఘముగా ఏర్పడును. ఈ సంఘముల గూళ్ళు ఒకదానిపై నొకటి చేరి పగడపు దిబ్బలు అగును. రెండవ తెగవి మెత్తని పగడములు. వీనికి గట్టి గూడు లేదు. మాంసములో సున్నపు సూదులు మాత్రము చెదరి యుండును. వీని పాలిప్‌లకు ఎనిమిదేసి స్పర్శకములు ఉండును.

వెచ్చని, లోతులేని సముద్రములలో పెరుగు పగడములలో చాలవరకు మరొక విశేషము కలదు. వాని కణజాలములో ఏకకణ శైవలములు నివసించును. ఇవి డైనోఫ్లాజెల్లేట్ జాతివని 1944లో జపాను శాస్త్రజ్ఞుడు కవాగుటి తెలిపెను. 1962లో ఫ్రాయిడెంథాల్ వీనికి సింబయోడినియం అని పేరు పెట్టెను. ఈ శైవలములు కిరణజన్య సంయోగక్రియచే తయారుచేసిన ఆహారములో ఎక్కువ భాగము పగడమునకు చేరును. పగడమునకు కావలసిన శక్తిలో నూటికి 90 వంతుల వరకు ఈ విధముగా లభింపవచ్చును. ప్రతిగా పగడము శైవలములకు నీడను, బొగ్గుపులుసు వాయువును, నత్రజనితో కూడిన వ్యర్థపదార్థములను ఇచ్చును. ఈ సహజీవనమే పగడపు పెంపకమునకు మూలసూత్రము. చేపకు తిండి వేసినట్లే పగడమునకు వెలుతురు పెట్టవలెను.

ఈ స్నేహము మిక్కిలి సున్నితమైనది. సముద్రపు నీరు ఆయా ప్రదేశములలో వేసవిలో సాధారణముగా చేరు వేడిమికంటె ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారములు నిలిచినచో, శైవలములు పగడమును విడిచిపోవును. అప్పుడు రంగు పోయి, లోపలి తెల్లని గూడు కనబడును. దీనినే పగడము వెలిసిపోవుట అందురు. 1998, 2010, 2016 సంవత్సరములలో ప్రపంచమంతట ఈ ఉపద్రవము సంభవించినది. నాలుగవ పర్యాయము జరుగుచున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఆభరణములకు వాడు ఎర్ర పగడము మధ్యధరా సముద్రములో మసకవెలుతురుగల చోట్ల పెరుగును. దానిలో ఈ శైవలములు లేవు. కనుక దండలోని పగడమునకును, తొట్టిలో పెంచు పగడమునకును జీవనవిధానములో చాల భేదమున్నది.

ముందు నీరు, తరువాత పగడము

ఇండోనేషియాలోని జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ 1961లో ఒక సరళమైన పద్ధతిని లోకమునకు తెలిపెను. సముద్రపు నీరు, సూక్ష్మజీవులతో నిండిన సముద్రపు రాళ్ళు, సూర్యరశ్మి, గాలిబుడగలు: ఇవియే అతని సాధనములు. 1989లో మొనాకో సముద్రవిజ్ఞాన ప్రదర్శనశాలవారు ఎర్రసముద్రపు ముఖద్వారమున ఉన్న జిబూటినుండి సజీవమైన పగడపు సమాజమునే తెచ్చి 40 ఘనమీటర్ల తొట్టిలో నిలిపిరి. నేడు కృత్రిమ సముద్రలవణము, విద్యుద్దీపములు, చిన్న పంపులు లభించుటచే సముద్రమునకు దూరముగా ఉన్నవారికి కూడ ఇది సాధ్యమైనది.

సముద్రపు నీటి లవణీయత వేయింటికి సుమారు 35 పాళ్ళు. 100 లీటర్ల తొట్టిలో దాదాపు మూడున్నర కిలోల ఉప్పు ఉండునన్న మాట. నీరు ఆవిరియగునపుడు ఉప్పు ఆవిరికాదు. పది లీటర్లు తగ్గినచో అదే ఉప్పు 90 లీటర్లలో మిగులును. లవణీయత 39 పాళ్ళకు చేరును. కాబట్టి ఆవిరియైన మేరకు ఉప్పులేని శుద్ధజలమునే చేర్చవలెను. తగ్గినది ఉప్పునీరు కదా అని మరల ఉప్పునీరు పోయుట క్రొత్తవారు సాధారణముగా చేయు పొరపాటు.

వేడిమి 24 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడువరకు ఉండుట మేలు. చలిదేశములలో తొట్టిని వెచ్చబరచుట సమస్య. తెలుగునాట దీనికి విపర్యయము. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటు ఊళ్ళలో నీటిని చల్లబరచు యంత్రము లేనిదే పగడము బ్రతుకదు. విద్యుత్తు కొన్ని గంటలు ఆగినచో ఏమి జరుగునో కూడ ముందుగానే ఆలోచింపవలెను.

మూడవది నత్రజని చక్రము. చేపల మలము, మిగిలిన తిండి కుళ్ళి అమోనియా పుట్టును. ఇది విషము. ఒక జాతి బాక్టీరియా దీనిని నైట్రైటుగను, మరొక జాతి నైట్రైటును నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఈ బాక్టీరియా చాలినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. నీటిని పరీక్షించినపుడు అమోనియా, నైట్రైటు రెండును కనబడని స్థితి వచ్చువరకు ఏ పగడమును తేరాదు. పగడపు పెంపకములో తొలి పాఠము ఓపికయే.

సులభమైన పగడమునకు గుర్తులు

ఒక పగడము సులభమైనదా, కాదా అని నిర్ణయించుటకు నాలుగు ప్రశ్నలు వేసికొనవచ్చును.

మొదటిది: దానికి గట్టి గూడు ఉన్నదా? గూడు కట్టు పగడము నీటిలోని కాల్షియమును నిత్యము తీసికొనుచుండును. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లిగ్రాములకు పైగా కాల్షియము ఉన్నది. సముద్రము తరగనిది, తొట్టి చిన్నది. వేగముగా పెరుగు రాతి పగడములున్న తొట్టిలో కాల్షియమును, క్షారగుణమును ప్రతిదినము సరిచూచి పూరింపవలసివచ్చును. మెత్తని పగడములకు కావలసినది స్వల్పము. అప్పుడప్పుడు కొంత నీటిని మార్చినచో ఆ లోటు తీరును.

రెండవది: ఎంత వెలుతురు కావలెను? మొక్కలకు ఉపయోగపడు వెలుతురును చదరపు మీటరుకు, సెకనుకు ఇన్ని మైక్రోమోలులని కొలుతురు. ఉష్ణమండలపు మధ్యాహ్నపు ఎండలో ఇది సుమారు 2000 ఉండును. నీడలో పెరుగు పగడములకు 50 నుండి 100 చాలును. కొమ్మలుగా పెరుగు రాతి పగడములకు 250కి మించి కావలసియుండును.

మూడవది: నీటి గుణములు కొంత అటునిటైనను ఓర్చుకొనగలదా? నాలుగవది: త్రుంచిన ముక్కనుండి మరల పెరుగునా? ముక్కనుండి పెరుగు పగడమును తొట్టిలోనే వృద్ధిచేయవచ్చును; సముద్రమునుండి పెకలింప నక్కరలేదు.

తొలి మెట్టున ఉన్నవి

పై పరీక్షలో మొదటి స్థానము పుట్టగొడుగు పగడములది. డిస్కోసోమా మున్నగునవి ఈ జాతివి. ఇవి నిజమైన పగడములు కావు. రాతి పగడములకు దగ్గరి చుట్టములు. గుండ్రని బిళ్ళలవలె రాతిని పట్టుకొని యుండును. గూడు లేదు. మందమైన వెలుతురు, నెమ్మదియైన ప్రవాహము వీనికి చాలును. తీవ్రమైన వెలుతురులో పెట్టినచో ముడుచుకొనిపోవును.

రెండవది తోలు పగడము. దీని శాస్త్రీయనామము సార్కోఫైటాన్. మందమైన కాడపై గొడుగువలె విచ్చుకొని, పైభాగమున చిన్న పాలిప్‌లతో నిండియుండును. ఇది అప్పుడప్పుడు పాలిప్‌లను లోపలికి ముడుచుకొని, మైనమువంటి పొరను కప్పుకొని కొన్ని దినములు కదలక యుండును. తరువాత ఆ పొరను విడిచి మరల విచ్చుకొనును. పాము కుబుసము విడుచుటవంటిదే ఇదియు. పైపొరపై చేరిన నాచు, మురికి ఈ విధముగా తొలగిపోవును. ఈ సంగతి తెలియనివారు చచ్చినదని తలచి బ్రతికియున్న పగడమును పారవేయుట కలదు.

మూడవది నక్షత్ర పాలిప్. ఊదారంగు చాపవలె రాతిపై ప్రాకి, ఆకుపచ్చని పాలిప్‌లను విచ్చును. ఇది చావదని భయము లేదు గాని, తొట్టి నంతటిని ఆక్రమించునని భయము కలదు. కనుక దీనిని వేరొక రాతిపై ఒంటరిగా ఉంచుదురు.

నాలుగవది జీనియా. దీని పాలిప్‌లు గుప్పిటవలె మూయుచు, తెరచుచు ఉండును. ఈ కదలిక ఎందుకో చాలకాలము తెలియలేదు. ఎర్రసముద్రములో ఐలాట్ తీరమున ఇదే కుటుంబపు పగడముపై పరిశోధించిన శాస్త్రజ్ఞులు 2013లో దీనికి కారణము తెలిపిరి. శైవలములు విడుదలచేసిన ఆమ్లజని పాలిప్‌ల చుట్టు పేరుకొన్నచో కిరణజన్య సంయోగక్రియ మందగించును. ఈ విసరుటవలన ఆ ఆమ్లజని తొలగి, ఆహారపు ఉత్పత్తి పెరుగును. విసనకఱ్ఱ విసరుకొనుచు వంట చేసినట్లన్న మాట.

ఐదవది జోయాంథస్. రంగురంగుల గుండీలవలె గుంపుగా పెరుగు ఈ జీవి పెంపకమునకు సులభమే కాని, దీనిని తాకుటలో జాగ్రత్త అవసరము. దీని దగ్గరి బంధువైన పాలిథోవానుండి 1971లో హవాయి శాస్త్రజ్ఞులు పాలిటాక్సిన్ అను విషమును వేరుచేసిరి. జీవకణములోని సోడియం-పొటాసియం పంపును ఇది చెడగొట్టును. ప్రకృతిలో లభించు అతి తీవ్రమైన విషములలో ఇది ఒకటి. ఈ జీవులున్న రాతిని శుభ్రపరచుటకు మరిగించినపుడు ఆవిరితో కూడ విషమును పీల్చి, కుటుంబములే ఆసుపత్రుల పాలైన సందర్భములు కలవు. చేతికి రబ్బరు తొడుగు, కండ్లకు అద్దములు లేక వీనిని ముట్టరాదు. పిల్లలున్న చోట అసలే తగవు.

ఈ ఐదింటి పిమ్మట రాతి పగడములలో మొదట పెంచదగినది కాలాస్ట్రియా. బొద్దుగా ఉబ్బిన పాలిప్‌లు కొమ్మల చివరలయందు ఉండును. రాత్రివేళ స్పర్శకములు చాచినపుడు చిన్న రొయ్యముక్క ఇచ్చినచో తీసికొనును.

అందమునకు మోసపోరాదు

డెండ్రోనెఫ్థియా అను మెత్తని పగడము ఎరుపు, నారింజ రంగులలో పూలగుత్తివలె ఉండును. చూచినవారు దానినే కోరుదురు. కాని దానిలో శైవలములు లేవు. వెలుతురు దానికి తిండి కాదు. సముద్రప్రవాహములో నిరంతరము కొట్టుకొనివచ్చు సూక్ష్మప్లవకములే దాని ఆహారము. ఇంటి తొట్టిలో ఆ ఆహారమును ఎడతెగక అందించుట దుర్లభము. అది దినదినము చిక్కి, ఆకలితో చచ్చును. మెత్తనివన్నియు సులభమైనవి కావని దీనివలన తెలియును.

ఆక్రోపొరా కొమ్మపగడము మరొక ఉదాహరణము. దిబ్బలు కట్టుటలో ఇది మేటి. తీవ్రమైన వెలుతురు, బలమైన ప్రవాహము, మార్పులేని నీటిగుణములు దీనికి అవసరము. ఏండ్ల అనుభవమున్నవారే దీనిని నిలుపగలరు.

తొట్టిలో పగడముల నడుమ దూరము పాటించుట కూడ ముఖ్యము. రాత్రివేళ కొన్ని రాతి పగడములు పొడవైన స్పర్శకములను చాచి పొరుగువానిని కుట్టును. మెత్తని పగడములు నీటిలోనికి టెర్పీనులను రసాయనములను వదలి పొరుగువాని పెరుగుదలను అణచును. సముద్రములో ఈ రసాయనములు కొట్టుకొనిపోవును, తొట్టిలో పేరుకొనును. అందుచే నీటిని బొగ్గుపొరగుండ వడపోయుట ఆచారమైనది.

చట్టము, సముద్రము

పగడపు దిబ్బలు సముద్రపు అడుగున నూటికి ఒక వంతుకంటె తక్కువ స్థలమునే ఆక్రమించినను, సముద్రజీవుల జాతులలో సుమారు నాల్గవ వంతునకు ఆశ్రయమిచ్చుచున్నవి. రాతి పగడముల వ్యాపారము అంతర్జాతీయ ఒప్పందమునకు లోబడి యున్నది. సజీవ పగడములను విరివిగా ఎగుమతిచేయు ఇండోనేషియా 2018లో కొంతకాలము ఆ ఎగుమతినే నిలిపివేసినది.

భారతదేశములో కట్టుబాటు ఇంకను గట్టిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో రాతి పగడములన్నియు, నల్ల పగడములు, నిప్పు పగడములు, సముద్రపు విసనకఱ్ఱలు 2001లో చేర్చబడినవి. పులికి గల రక్షణయే వీనికిని కలదు. సముద్రమునుండి వీనిని తీయుట, అమ్ముట, కొనుట నేరము. పైన చెప్పిన కాలాస్ట్రియా కూడ రాతి పగడమే. కనుక ఇతర దేశములలో సులభమన్నది ఇచట నిషిద్ధము కావచ్చును. మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు భారతదేశపు ముఖ్యమైన పగడపు సీమలు. ఆంధ్రతీరమున అట్టి పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చు మంచినీరు, ఒండ్రుమట్టి ఇందుకు ముఖ్యకారణము. మట్టి వెలుతురును అడ్డగించును, పాలిప్‌లను కప్పివేయును.

తొట్టిలోని జీవిని సముద్రములో వదలుట కూడ తప్పే. వెనిజులా తీరమున 2000 తరువాతి దశకములో జీనియా కుటుంబపు పరాయి పగడ మొకటి ప్రవేశించి, స్థానిక పగడములను కప్పివేయుచు వ్యాపించినది. అలంకారపు తొట్లనుండియే అది చేరినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

పాఠశాలలో చేయదగినది

ఉప్పునీటి తొట్టి, చల్లబరచు యంత్రము ఉన్నత పాఠశాలకు అందుబాటులో ఉండవు. అయినను ఈ పాఠమును కంటితో చూచు మార్గము ఊరి చెరువులోనే ఉన్నది. పగడమునకు చుట్టమైన హైడ్రా తేటనీటి చెరువులలో నీటిమొక్కలను, ఆకుల అడుగుభాగమును అంటిపెట్టుకొని యుండును. అట్టి మొక్కలను కొన్నింటిని చెరువునీటితోనే గాజుసీసాలో ఉంచి, కదలింపక ఒకటి రెండు దినములు కిటికీ దగ్గర, ఎండ తగులని చోట పెట్టవలెను. అదృష్టమున్నచో సెంటిమీటరుకంటె చిన్నవైన సన్నని పోగులు గాజును పట్టుకొని కనబడును. క్లోరిను కలిసిన కొళాయినీరు మాత్రము పోయరాదు. నీటిఈగలను వేసినపుడు స్పర్శకములు వానిని పట్టుటయు, ప్రక్కనుండి మొగ్గవలె పిల్ల హైడ్రా పుట్టుటయు భూతద్దముతో చూడవచ్చును. ఆకుపచ్చ హైడ్రా దొరికినచో ఇంకను మేలు. దాని కణములలో క్లోరెల్లా అను శైవలము కలదు. రెండు సీసాలలో ఆకుపచ్చ హైడ్రాలను తిండిలేక ఉంచి, ఒకదానిని వెలుతురులోను, రెండవదానిని చీకటిలోను పెట్టి పోల్చినచో, వెలుతురు ఆహారమెట్లగునో విద్యార్థులకు బోధపడును.

పెయిసొనెల్ మాటను లోకము నమ్మునట్లు చేసినది ఈ హైడ్రాయే. పగడమును తెచ్చుకొనుటకంటె ముందు పగడమును తెలిసికొనుట మంచిది. ఆ తెలివి ఉన్నవాడు నేటి గాజుతొట్టిని చక్కగా నడపగలడు. అంతకంటె ముఖ్యముగా, సముద్రములోని తోటను ముట్టుకొనక విడిచిపెట్టగలడు.